ఖాళీ గదిలో వేడి

"రోజూ ఫోన్ చేస్తున్నవాడు మా అబ్బాయి కాదు."

యోంగ్సాన్ పోలీస్ స్టేషన్లో ఆ మాట అప్పటికే ముగ్గురు విన్నారు. ముగ్గురూ నవ్వు ఆపుకుని ఆ పెద్దావిడను పక్క బల్లకి పంపించారు. నాలుగో బల్ల ఇన్‌స్పెక్టర్ నామ్ యన్సిల్‌ది. తప్పిపోయినవాళ్ళ కేసులు చూస్తూ జుట్టు నెరిసిన మనిషి ఆమె. నవ్వలేదు. కుర్చీ చూపించి, వేడి బార్లీ టీ కప్పు ముందుకు జరిపింది.

పెద్దావిడ పేరు సున్రే. మాంగ్వన్ బజారులో పచ్చళ్ళూ కూరలూ అమ్మే చిన్న కొట్టు ఆమెది. వేళ్ళకు పట్టిన కారం ఎర్రదనం ఎంత కడిగినా పోయేలా లేదు. ఒక్కడే కొడుకు, జేహా. కంప్యూటర్ ఆటల్లోని మనుషులకు ముఖాలు తయారు చేయడం అతని పని. స్టేషన్‌కి దగ్గర్లోనే గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉంటున్నాడు. చలికాలం మొదలైనప్పటినుంచి మనిషి కనబడలేదు. గదికి వెళ్ళి తలుపు కొడితే పలకడు. సాయంత్రం కాగానే మాత్రం వీడియోలో వచ్చి తల్లితో మాట్లాడతాడు.

"ముఖం వాడిదే కదా పిన్నిగారూ?"

"వాడిదే."

"గొంతు?"

"అదీ వాడిదే."

"మరి ఎందుకు కాదంటున్నారు?"

సున్రే కప్పు పట్టుకుంది గానీ తాగలేదు. "నా కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నాడమ్మా. పుట్టిన దగ్గర్నుంచీ వాడు ఒక్కనాడు అలా చూసి ఎరగడు. ఆటలోకి చూస్తూ మాట్లాడతాడు, అన్నం గిన్నెలోకి చూస్తూ మాట్లాడతాడు. కసిరినా తల ఎత్తడు. వీడు చూపు తిప్పట్లేదు. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్తే అక్కడిదాకా చూస్తాడు."

యన్సిల్ కలం పక్కన పెట్టింది.

"ఇంకోటి," అంది సున్రే గొంతు తగ్గించి. "కాసేపు మాట్లాడాక ముఖం పాడవుతుంది. బుగ్గ కరిగి మెడ మీదికి జారినట్టు. కన్ను ఒకటి కిందికి వచ్చేస్తుంది. అలా అయినా నవ్వుతూనే ఉంటాడు. ఆ తర్వాత ఫోన్ తెగిపోతుంది. రోజూ అంతే."

*

మధ్యాహ్నానికల్లా ఇంటి యజమాని రెండో తాళంతో జేహా గది తెరిచాడు. మూడో అంతస్తు. బయట మెట్ల మీద మంచు తొక్కుకుని వచ్చిన యన్సిల్‌కి తలుపు తియ్యగానే వేడిగాలి ముఖాన కొట్టింది.

చెప్పులు విప్పి లోపల కాలు పెట్టింది. నేల రాయిలా చల్లగా ఉంది.

అక్కడే ఆగిపోయింది. ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా నేల కింద గొట్టాల్లో వేడినీళ్ళు తిరిగితేనే గది వెచ్చబడుతుంది. ముందు అరికాలు కాలాలి, తర్వాత గాలి వేడెక్కాలి. ఇక్కడ అంతా తిరగబడింది. గోడమీది మీట చూసింది. ఆపేసి ఉంది. అడ్డుగా ఉన్న గాజు తలుపు తోసి, వేడి చేరని వంట మూలకి వెళ్ళింది. తొట్టిలో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి, ఆ గడ్డలో చెంచా ఒకటి ఇరుక్కుని ఉంది. పక్కమీద దుప్పటికి మడత నలగలేదు. చెత్తబుట్ట ఖాళీ. మనిషి బతికే గుర్తు ఎక్కడా లేదు.

వేడి వస్తున్నది ఒక్క బల్ల దగ్గర్నుంచి. బల్లమీద గాజు పక్కలున్న పెద్ద కంప్యూటర్, లోపల ఫ్యాన్లు పిచ్చెత్తినట్టు తిరుగుతున్నాయి. తెర నల్లగా ఉంది. ఆట ఆడేవాడు లేడు, మౌస్ పట్టినవాడు లేడు. అయినా పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. యన్సిల్ చూస్తుండగానే ఒక్కసారి టక్కుమని ఆగిపోయింది. గది నిశ్శబ్దమైంది. కాసేపటికి దానంతట అదే మళ్ళీ వెలిగి, మళ్ళీ రొద మొదలెట్టింది.

ఆగినప్పటి ఆ నిశ్శబ్దమే ఆమెకి నచ్చలేదు. ఎవరో ఊపిరి బిగబట్టి తన కదలికలు వింటున్నట్టుంది.

పెట్టె వెనక ఒక దుకాణం స్టిక్కరు అంటించి ఉంది. యోంగ్సాన్ ఎలక్ట్రానిక్స్ బజారు, రెండో అంతస్తు, బోక్ తేసిక్. ఫోన్ చేసి, తల్లి ఫిర్యాదు ఇచ్చిందని చెప్పి రమ్మంది. జేహా గదికని చెప్పగానే, "తప్పదా మేడమ్?" అన్నాడు అవతలి మనిషి.

తేసిక్ నలభై ఏళ్ళ లావుపాటి మనిషి. పనిముట్ల సంచి గుండెకి హత్తుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రావయ్యా. చలి లోపలికి వస్తోంది."

"ఇక్కడినుంచే చెప్తాను మేడమ్. గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతోంది. బొమ్మలన్నీ గీసేది ఆ కార్డే. హద్దు దాటి కాగితే కంప్యూటర్ తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. ఆగేముందు బొమ్మలు చెదిరిపోతాయి."

"కరిగినట్టు కనబడతాయా?"

అతను తల ఊపాడు.

"నువ్వు దీన్ని ఆఖరిసారి ఎప్పుడు విప్పావు?"

"వేసవికి ముందు. దుమ్ము దులిపాను. తర్వాత ముట్టుకోలేదు."

"మంచిది. ఇప్పుడు ముట్టుకో."

తేసిక్ లోపలికి వచ్చాడు. తెరకేసి మాత్రం చూడలేదు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, చల్లారే దాకా ఆగి, కార్డు బయటికి లాగాడు. ఇటుకంత బరువుంది. యన్సిల్ చేతితొడుగులు వేసుకుని దీపం దగ్గరికి పట్టింది. పెట్టె అడుగున వేలిమందాన దుమ్ము. కార్డు రేకుల మధ్య పోగు కూడా లేదు.

"వేసవి ముందు దులిపిన కార్డు ఇంత శుభ్రంగా ఉందా తేసిక్?"

అతను తల వంచుకుని స్క్రూలు విప్పసాగాడు. వేడిని లాగే లోహపు దిమ్మ విడిపడింది. మధ్యలో చిప్పు మీద పూసిన బూడిదరంగు పేస్టు ఇంకా తడిగానే ఉంది. ఎండి బీటలు వారలేదు. చుట్టూ మెత్తటి ప్యాడ్ ముక్కలు వరసగా ఉన్నాయి. చిప్పుల వేడి దిమ్మకి చేర్చేవి అవే. యన్సిల్ వేలికొనతో ఒకదాని అంచు గీరింది. నీలంరంగు ప్లాస్టిక్ పొర సన్నగా లేచింది.

"ఇదేంటి?"

"కొత్త ప్యాడ్ మీద వచ్చే పొర మేడమ్. అంటించేముందు పీకేయాలి. పీకకపోతే వేడి దాటదు. ఎవరో… మర్చిపోయినట్టున్నారు."

యన్సిల్ రెండోది గీరింది. పొర ఉంది. మూడోది. దానికీ ఉంది. ఒక్కటీ వదలకుండా అన్నిటికీ ఉంది.

"ఒక్కటి వదిలేస్తే మర్చిపోయాడనుకుంటాను. ఇక్కడ అన్నీ ఉన్నాయి. ముక్కలు చూస్తే కత్తితో గీసినట్టు తీర్చి కోసినవి. పనొచ్చినవాడు, కావాలని చేసిన పని." ఆమె స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "మాంగ్వన్‌లో సున్రే అనే తల్లి ఇవాళ పొద్దున ఫిర్యాదు ఇచ్చింది. తన కొడుకు ముఖం పెట్టుకుని ఎవడో మాట్లాడుతున్నాడని. ఆమెకి ఆ అనుమానం గట్టిపడిందంటే ఆ ముఖం కరగబట్టే. కరిగించింది నువ్వు. ఎందుకు?"

తేసిక్ స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టేశాడు.

"జేహా నన్ను అన్నా అంటాడు మేడమ్. ఎప్పుడూ అంతే. పోయిన నెలలో వీడియోలో వచ్చి, 'బోక్ గారూ, కార్డు బాగా వేడెక్కుతోంది, దయచేసి వచ్చి చూడండి' అన్నాడు. ఏదో కోపమొచ్చిందనుకున్నాను. తాళంచెవి లేకపోయినా నొక్కితే తలుపు తెరుచుకునే నంబరు చెప్పాడు. వచ్చాను." అతను కుర్చీకేసి చెయ్యి చూపించాడు. "తెరమీద జేహా వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. వెనక ఈ గోడే, ఈ కిటికీయే. కానీ నేను కుర్చీ పక్కనే నిలబడ్డాను మేడమ్. కుర్చీలో ఎవరూ లేరు."

"ఊఁ."

"మాటలయ్యాక ఆ ముఖం మాయమై ఇంకో ముఖం వచ్చింది. అది నాది. నా గొంతుతోనే, 'చూసింది మర్చిపో. కార్డు చల్లగా ఉండేట్టు చేసి వెళ్ళు. నువ్వు ఏ బస్సెక్కి ఇంటికి వెళ్తావో నాకు తెలుసు' అంది. నా ముఖంతో నన్నే బెదిరిస్తే ఎవరి మీద ఫిర్యాదు ఇవ్వను? బాగు చెయ్యకపోతే భయం. చేస్తే ఆ పెద్దావిడ పాపం. అందుకని చేసినట్టే చేసి, పొరలు వదిలేశాను. కొన్నాళ్ళకైనా ఎవరికో ఒకరికి అనుమానం వస్తుందని."

"వచ్చింది," అంది యన్సిల్. "మంచిపని చేశావు."

"చెయ్యలేదు మేడమ్. చేతనైంది చేశాను."

*

"ఏంటక్కా, నా ఫైలు మీద కొత్తగా వంట మొదలెట్టావట?"

గుమ్మంలో మేంగ్ దోహ్యక్. హత్యల విభాగం. వయసులో యన్సిల్ కంటే చిన్న, హోదాలో ఒక మెట్టు పైన. ఆ సంగతి ఆమె మర్చిపోకుండా చూసుకోవడం అతనికి సరదా. బూట్లతోనే లోపలికి వచ్చాడు.

"వంట మూలలో నీళ్ళు గడ్డకట్టాయి తమ్ముడూ. ముందు అది చూసి రా. తర్వాత మాట్లాడదాం."

"గది ఖాళీగా ఉంటే మనిషి చచ్చినట్టా? పెళ్ళాం పిల్లల్లేని కుర్రాడు, ఏ స్నేహితుడింట్లోనో ఉంటాడు. ర్యు చాంగిల్ కేసు మూసేశాను. మళ్ళీ తెరవడానికి నీకు ఎవరిచ్చారు అధికారం?"

ర్యు చాంగిల్ జేహాతో కలిసి ముఖాల వ్యాపారం నడిపినవాడు. చలికాలం మొదట్లో ఒక సాయంత్రం గంట ప్రయాణం దూరంలోని ఇంచియాన్‌లో ఒక మేడ మీదనుంచి పడి చచ్చిపోయాడు. ఇద్దరికీ గొడవలున్నాయని అందరూ చెప్పారు. కానీ అదే సమయంలో జేహా ఈ గదిలో ఉన్నాడు. ఈ గది ఇంటర్నెట్ లైను మీదే తల్లితో వీడియోలో మాట్లాడుతున్నాడు. ఫోన్ కంపెనీవాళ్ళ దగ్గర ఆధారం ఉంది. కాలుజారి పడ్డాడని మేంగ్ రాసేశాడు.

"జేహా వాంగ్మూలం ఎవరు తీసుకున్నారు?"

"నేనే."

"ఎదురుగా కూర్చోబెట్టి తీసుకున్నావా?"

మేంగ్ కోటు బొత్తాం సర్దుకున్నాడు. "ఒళ్ళు కాలిపోతోంది, జ్వరమన్నాడు. వీడియోలో తీసుకున్నాను. ఇప్పుడందరూ అలాగే తీసుకుంటున్నారు."

"నీ కళ్ళలోకి చూసి మాట్లాడాడా?"

"చాలా మర్యాదగా చూశాడు. ఒక్కసారి కూడా తడబడ…" అక్కడ అతని మాట ఆగింది. అడిగింది వెటకారం కాదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. బల్లమీద విప్పిన కార్డునీ, వరసగా లేచిన నీలి పొరల్నీ, చెమటలు కక్కుతున్న తేసిక్‌నీ చూశాడు.

తేసిక్ చెప్పిందంతా యన్సిల్ రెండు ముక్కల్లో చెప్పింది. చెప్పాక, "నా లెక్క ఇది," అంది. "చాంగిల్‌ని చంపినవాడే జేహానీ ఏదో చేశాడు. జేహా ముఖం తగిలించుకుని, తల్లి కంగారుపడి మన దగ్గరికి రాకుండా రోజూ ఆమెతో కబుర్లు చెప్తున్నాడు. ఎక్కడో కూర్చుని ఈ కంప్యూటర్‌ని తోలుతున్నాడు."

"అయితే దీన్ని సీలు వేసి పట్టుకుపోతాను. ఇది నా కేసు."

"పట్టుకుపోతే నీ చేతిలో ఉండేది ఇనప పెట్టె. వాడు ఇంకో పెట్టె కొనుక్కుంటాడు. ఎక్కడినుంచి తోలుతున్నాడో పట్టుకోవాలంటే ఇది నడుస్తూ ఉండాలి."

"నడవట్లేదుగా! ఆరేడు నిమిషాలకి ఆగిపోతోంది. అంతలో మావాళ్ళు ఆచూకీ తియ్యలేరు."

"అందుకే బాగు చేయిద్దాం."

మేంగ్ పళ్ళు బిగించి బూట్లు విప్పాడు. చల్లటి నేల తగిలి పాదం వెనక్కి లాక్కున్నాడు. ఫోన్ తీసి, ఆచూకీ తీసే తన మనుషుల్ని లైనులో పెట్టాడు.

తేసిక్ పని మొదలెట్టాడు. పొరలు ఒక్కొక్కటీ పీకాడు. పాత పేస్టు స్పిరిట్ గుడ్డతో తుడిచి, చిప్పు నడుమ బఠాణీ గింజంత కొత్తది పెట్టాడు. దిమ్మ కూర్చోబెట్టి, ఒత్తిడి సమంగా పడేలా ఎదురెదురు మూలల్లోని స్క్రూలు కొంచెం కొంచెం బిగించాడు. ఫ్యాను తీగ గుచ్చి, కార్డు గాడిలో దింపాడు.

కంప్యూటర్ వెలిగింది. రొద లేదు. ఫ్యాన్లు నింపాదిగా తిరిగాయి. మూలన వేడి చూపించే అంకె అరవై దగ్గర ఎక్కి అక్కడే నిలబడిపోయింది. ఇందాకటిదాకా ఊపిరాడనట్టున్న గది ఒక్కసారిగా హాయిగా శ్వాస తీసుకుంటున్నట్టుంది.

"సాయంత్రం ఫోన్ వేళకి ఇంకా చాలా టైముంది," అన్నాడు మేంగ్. "ఈలోగా ఏదైనా తిందామా?"

తెరమీద బాణం గుర్తు కదిలింది.

మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. బాణం తాపీగా జరిగి ఒక గుర్తు మీద ఆగింది. చీకటి పెట్టెలాంటి కిటికీ తెరుచుకుంది. అందులో మసగ్గా ఒక ముఖం ఏర్పడసాగింది. ముందు గడ్డం, తర్వాత పెదాలు, నుదుటి మీద నెరిసిన జుట్టు.

"జేహా కాదే," అన్నాడు మేంగ్. ఆ తర్వాత చప్పున యన్సిల్ వైపు తిరిగాడు.

తెరమీద ఉన్నది యన్సిల్.

ఆమె నోరు మూసుకునే ఉంది. తెరలోని యన్సిల్ పెదాలు కదులుతున్నాయి. కళ్ళు సూటిగా ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తున్నాయి. తెర పైన అగ్గిపుల్ల తలంత కెమెరా. గదిలోకి వచ్చినప్పటినుంచీ ఆమె దాని ఎదురుగానే నిలబడింది, తిరిగింది, మాట్లాడింది. తల్లి ఫిర్యాదు ఇచ్చిందని ఈ గదిలోనే, ఈ బల్ల ముందే నిలబడి తేసిక్‌కి ఫోన్‌లో చెప్పింది. ప్లగ్గు పీకేదాకా జరిగినదంతా దానికి తెలుసు.

బల్లమీద పడున్న హెడ్‌ఫోన్ చెవికి ఆనించింది. తన గొంతే.

"…అవును పిన్నిగారూ, మీ అబ్బాయి ఆచూకీ దొరికింది. కంగారుపడకండి. మీ కొట్టు ముందు కారు ఆగింది చూడండి, నేనే పంపించాను. కొట్టు అలా వదిలేసి రండి. ఫోన్ పెట్టెయ్యకండి, కారెక్కేదాకా నేను మాట్లాడుతూనే ఉంటాను…"

"ఎంతసేపట్లో కరుగుతుంది?" అరిచింది యన్సిల్.

"ఇదివరకటిలా అయితే కాసేపటికి ముఖం కరిగిపోయేది మేడమ్," తేసిక్ గోడకి ఆనుకుపోయాడు. "ఇప్పుడు కరగదు. మనమే…"

మేంగ్ చెవిలో అవతలివాళ్ళు ఏదో చెప్పారు. "దొరికాడు! ఫోన్‌లోంచి తోలుతున్నాడు. టవరు…" అతని ముఖం పాలిపోయింది. "మాంగ్వన్ బజారు."

యన్సిల్ ప్లగ్గు పీకేసింది. తన ముఖం నవ్వుతూనే ఆరిపోయింది. ఫోన్ తీసి సున్రే నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. చివరికి ఎత్తింది.

"తెగిపోయిందేంటమ్మా? కారెక్కేశాను. బయల్దేరుతున్నాం."

"పిన్నిగారూ, దిగండి! తలుపు తీసుకుని వెంటనే దిగిపోండి. ఇందాక మాట్లాడింది నేను కాదు."

"నువ్వు కాకపోవడమేంటి? ముఖం చూశానుగా."

"అది నేను కాదు!"

"మావాడి ముఖమైతే పోల్చుకుంటాను గానీ," సున్రే గొంతు తడబడింది, "నిన్ను చూసింది ఇవాళ పొద్దునే కదమ్మా. నాకెలా తెలుస్తుంది?"

తలుపులకు తాళం పడిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. తర్వాత ముందు సీటులోంచి మెత్తగా, విసుగ్గా ఒక కుర్రాడి గొంతు.

"అమ్మా, బెల్టు పెట్టుకో."

యన్సిల్ ఆ గొంతును నమ్మొద్దని చెప్పబోయింది. కానీ ఈసారి మధ్యలో తెర లేదు, లైను లేదు. తల్లికీ ఆ గొంతుకీ మధ్య చెయ్యెడు దూరం.

"వచ్చాడమ్మా." సున్రే ఏడుస్తోంది, నవ్వుతోంది. "మావాడే! కారు తోలుతున్నది మావాడే. నేను పొరబడలేదు, ఈసారి నిజంగా వాడే!"

ఇంజను చప్పుడు పెరిగింది. లైను తెగిపోయింది.

మేంగ్ చెవి దగ్గరి ఫోన్ దించాడు. "చాంగిల్ చచ్చిన సాయంత్రం జేహా ఇంట్లో లేడని…" అన్నాడు మెల్లగా, "ఫోన్‌లో మాట్లాడింది వాడు కాదని కోర్టులో చెప్పగలిగిన మనిషి ఆవిడ ఒక్కతే అక్కా."

యన్సిల్ అప్పటికే చెప్పులు లేకుండా మంచు మెట్ల మీద పరిగెత్తుతోంది.